బండి కోసం బస్సు ఆగుతుందా?

(మేడ్చల్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

స్మారకోపన్యాసం అనగానే పోయినవారి గుణగణాలు అరగంట చెప్పి, మిగిలిన కాసేపు ఏదో ఒక విషయాన్ని ముట్టుకుని దిగిపోవడం మనకు ఆనవాయితీ. ఇవాళ మనం తలుచుకుంటున్న సారుకు అది నచ్చేది కాదు. తన పేరు రెండుసార్లకు మించి వినబడిన సభలోంచి లేచి వెళ్లిపోయే మనిషి ఆయన. అందుకని నేను ఆయన పేరు చెప్పను. ఆయన పిల్లలకు ఇచ్చిన లెక్క ఒకటి చెప్తాను.

లెక్కల పుస్తకంలో పాత ప్రశ్న ఒకటుంది. ఒకే ఊరి నుంచి బస్సు ఇంత వేగంతో, రైలు అంత వేగంతో బయల్దేరాయి, ఏది ముందు చేరుతుంది? సారు దాన్ని చేయించి, కింద ఇంకోటి రాయించేవారు. రైలు ఇరవై నిమిషాలు లేటు. స్టేషన్ బయట బస్సులో నలభై మంది కూర్చున్నారు. రైల్లోంచి ఆ బస్సు కోసం దిగేవాళ్లు పన్నెండు మంది. బస్సు ఆగాలా, పోవాలా? పిల్లలు గుణకారాలు చేసేవాళ్లు. నలభై ఇంటూ ఇరవై, పన్నెండు ఇంటూ ఏదో. ఆ లెక్కలేవీ చేయకుండా లేచి "సార్, తర్వాతి బస్సు ఎప్పుడు?" అని అడిగినవాడికే మార్కులు. తర్వాతి బస్సు పది నిమిషాల్లో ఉంటే ఆగనక్కర్లేదు. రెండు గంటల తర్వాత అయితే ఆగి తీరాలి.

దూర ప్రాంతపు బస్సులు, రైళ్లు పోటీపడాలా, తోడు నడవాలా అన్నది ఇవాళ్టి విషయం. నేను రవాణా ఇంజనీర్ను కాను, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. అయినా ఈ ప్రశ్నను నాలుగు మాటల్లో తేల్చేసేవాళ్లను చాలామందిని చూశాను. పోటీ ఉంటే ధర తగ్గుతుంది కాబట్టి పోటీయే మంచిదని కొందరు. రెండూ ప్రజల సొమ్మే కాబట్టి పోటీ దండగ అని ఇంకొందరు. మొదటివాళ్లు సీట్ల సంగతి మరిచిపోతారు, రెండోవాళ్లు టైంటేబుల్ సంగతి.

ముందు చరిత్ర చెప్పనివ్వండి, అలవాటైన పని. ఈ ప్రశ్నకు మన దగ్గరే ఒక జవాబు తొంభై ఏళ్ల కిందటే అమలైంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను 1930లో హైదరాబాద్ రాజ్యం కంపెనీ చేతుల్లోంచి కొనుక్కుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందనే రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సులు స్కాట్లండ్ నుంచి వచ్చిన అల్బియన్‌లు. వాటిలో ఒకదాన్ని బాగుచేసి బస్‌భవన్‌లో నిలబెట్టారు, చూసినవాళ్లు ఉండే ఉంటారు. మన ఆర్టీసీ పుట్టింది రైల్వే ఇంట్లో. ఈ సంగతి ఇప్పుడు రైల్వేవాళ్లకూ గుర్తులేదు, ఆర్టీసీవాళ్లకూ గుర్తులేదు.

రైల్వేకు బస్సులతో ఏం పని పడింది? అప్పటి బ్రిటిష్ ఇండియాలో రైల్వేలు బెంబేలెత్తి ఉన్నాయి. ఆర్థిక మాంద్యం ఒకవైపు, పట్టాల పక్కనే వేసిన రోడ్ల మీద ప్రైవేటు మోటార్లు దగ్గరి దూరాల ప్రయాణికుల్ని ఎగరేసుకుపోవడం ఇంకోవైపు. మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు దేశమంతా తిరిగి రోడ్డు, రైలు పోటీ మీద నివేదిక రాశారు. 1933లో సిమ్లాలో అదే విషయం మీద సమావేశం పెట్టారు. 1937లో వెడ్జ్‌వుడ్ కమిటీ మళ్లీ ఆ పోటీ గురించే మాట్లాడింది. 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది, పర్మిట్ అనే కళ్లెం పడింది. బ్రిటిష్ ఇండియా పోటీదారుడికి కళ్లెం వేసింది. హైదరాబాద్ రాజ్యం అంతకు ముందే పోటీదారుడి పనిని తానే ఎత్తుకుంది. బస్సూ తనదే, రైలూ తనదే. తర్వాత విమానాలు కూడా ఆ ఆలోచనలో భాగమయ్యాయి. 1945లో టాటాలతో కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ అలా వచ్చిందే.

ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టాలని కొందరికి అనిపిస్తుంది. నాకు అంత ఉత్సాహం లేదు. పట్టాల మీద కోట్లు పోసినవాడు తన బస్సును తన పట్టాలకే నష్టం వచ్చేలా నడపడు. రైలు లేని చోటికి బస్సు వేస్తాడు, మంచిదే. కానీ రైలు ఉన్న దారిలో బస్సే నయమనుకునే ప్రయాణికుడి గతేమిటి? వాడికి చెప్పుకోను రెండో తలుపు లేదు. ఒకే యజమాని ఉంటే బస్సూ రైలూ తప్పకుండా తోడు నడుస్తాయనుకోవడం పొరపాటు. యజమాని లెక్కల పుస్తకం ఒకటవుతుంది, అంతే.

ఆ ఏర్పాటు కూడా ఇరవై ఏళ్లు నిలవలేదు. నిజాం రైల్వే కేంద్రానికి పోయి, 1951లో మధ్య రైల్వేలో కలిసింది. బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర మిగిలాయి. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు రెండు ప్రభుత్వాల ఉద్యోగులయ్యారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక మనది టీఎస్ ఆర్టీసీ అయింది, ఇప్పుడు టీజీఎస్ ఆర్టీసీ. బోర్డులు మారాయి, రైల్వేతో ఎడం అలాగే ఉంది.

చిత్రమేమంటే చట్టం మాత్రం ఈ ఎడాన్ని కోరలేదు. ఆర్టీసీలన్నిటికీ మూలమైన రోడ్డు రవాణా సంస్థల చట్టం 1950 నాటిది. సంస్థను ఎందుకు స్థాపించాలో చెప్పే మూడో సెక్షన్‌లోనే, రోడ్డు రవాణాను ఇతర రవాణాతో సమన్వయం చేయడం ఒక కారణంగా రాశారు. పద్దెనిమిదో సెక్షన్ చెప్పిన సంస్థ ప్రధాన విధిలోనూ సమన్వయం అన్న మాట ఉంది. మాటతో ఊరుకోలేదు, డబ్బు కూడా పెట్టారు. ఆర్టీసీల మూలధనంలో రాష్ట్రంతో పాటు కేంద్రానికీ వాటా ఉంది, తొలి దశాబ్దాల్లో ఆ వాటా రైల్వే శాఖ ద్వారానే వచ్చేది. ఉమ్మడి ఆర్టీసీలో కేంద్రం వాటా దాదాపు మూడో వంతు. రాష్ట్ర విభజన తర్వాత ఆస్తుల పంపకం వచ్చినప్పుడు ఆ వాటా గురించి పేపర్లలో రాశారు. అప్పుడే చాలామందికి తెలిసింది, ఎర్ర బస్సులో ఢిల్లీకీ పాలు ఉందని. వాటాదారు ఉన్నాడు, చట్టం ఉంది. రైలు వేళ చూసి కదిలే బస్సు ఎన్ని ఊళ్లలో ఉంది? మీరే లెక్కపెట్టుకోండి, వేళ్లు మిగులుతాయి.

ఇక మన ఊళ్లకు వద్దాం. లష్కర్ నుంచి, అంటే సికింద్రాబాద్ నుంచి, ఉత్తరానికి రెండు రోడ్లు చీలతాయి. ఒకటి సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ మీదుగా కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్ పోయేది. ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి. రెండోది అల్వాల్, హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట మీదుగా సిద్దిపేట, కరీంనగర్, రామగుండం పోయే రాజీవ్ రహదారి. రైలు మార్గం మాత్రం ఒకటే. మన్మాడ్ దాకా వేసిన మీటర్‌గేజి లైను, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే వేళకు హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో వచ్చింది. అది మల్కాజిగిరి, అల్వాల్, బొల్లారం దాకా రెండో రోడ్డుకు దగ్గరగా పోయి, అక్కడ మనసు మార్చుకుని గుండ్లపోచంపల్లి, గౌడవల్లి మీదుగా మేడ్చల్ చేరుతుంది. ఆ ఒక్క మలుపుతో మేడ్చల్‌కు రైలు దక్కింది, శామీర్‌పేటకు దక్కలేదు.

ఆ తర్వాత నూరేళ్లకు ప్రభుత్వం పెద్ద సంస్థల్ని తెచ్చి పెట్టింది ఎక్కడ? రైలు లేని వైపు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో. మందుల, టీకాల పరిశ్రమలన్నీ గుమిగూడిన జీనోమ్ వ్యాలీ తుర్కపల్లి చుట్టూ. బిట్స్ క్యాంపస్ జవహర్‌నగర్ దగ్గర. 2016 అక్టోబరులో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఏర్పడితే, దాని కలెక్టరేట్‌ను శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కట్టి 2022 ఆగస్టులో తెరిచారు. జిల్లా పేరులో ఉన్న మేడ్చల్‌కు, మల్కాజిగిరికి రైలుంది, ఆఫీసుకు లేదు. ఎవరి తప్పని అడగను. స్థలం ఎక్కడ దొరికితే అక్కడ కట్టారు. కానీ స్థలం వెతికేటప్పుడు రైల్వే మ్యాపు బల్ల మీద లేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పది పదిహేను కిలోమీటర్ల దూరం. అవుటర్ రింగు రోడ్డుకు రెండు చోట్లా దిగే దారి ఉంది. కారున్నవాడికి ఇది పక్క వీధి. కారు లేనివాడు చాలాసార్లు లష్కర్ దాకా లోపలికి పోయి, మళ్లీ బయటికి రావడమే సులువనుకుంటాడు. మన ప్రయాణాలన్నీ పట్నం నడిబొడ్డుకు పోయి తిరిగొచ్చేలా గీసినవి. బస్సూ అంతే, రైలూ అంతే. రెండూ ఒకే గమ్యానికి పక్కపక్కన పరుగెత్తుతాయి, మధ్యలో అడ్డంగా కలిపే గీత లేదు. వాటి మధ్య పోటీ అంతా అక్కడే పుడుతుంది.

ఇప్పుడు అసలు ఉదాహరణ. మనోహరాబాద్ నుంచి గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల కొత్త లైను. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు తొలి ప్రయాణికుల బండి వచ్చింది. స్టేషన్‌కు జనం పోటెత్తారు. రైలంటే తెలియని పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని చూపించారు. ఆ సంతోషాన్ని తక్కువ చేయను, ఎన్నో ఏళ్లు అడిగి తెచ్చుకున్న బండి అది.

కానీ ఆ బండి సిద్దిపేట నుంచి లష్కర్ ఎలా వస్తుంది? గజ్వేల్ దాకా వచ్చి, పడమటికి తిరిగి మనోహరాబాద్ చేరి, అక్కడ మన లైను ఎక్కి మేడ్చల్ మీదుగా దిగుతుంది. బస్సు ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట మీదుగా తిన్నగా జూబ్లీ బస్‌స్టేషన్‌కు, అదే జేబీఎస్‌కు, పోతుంది. రోడ్డు దారి దాదాపు వంద కిలోమీటర్లు, పట్టాల దారి అంతకన్నా పొడవు. బస్సు కన్నా రైలుకే ఎక్కువ సేపు. బస్సు పావుగంటకో, అరగంటకో ఒకటి. రైలు రోజులో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు. అయితే టికెట్ ధర మొదలైన నాడు ఎక్స్‌ప్రెస్ బస్సులో సగం కూడా లేదు. పేదవాడికి రైలే దిక్కన్నారు.

రెండు నెలలు గడిచాయో లేదో, 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ సున్నా. ఆ పథకం మంచిచెడులు నా విషయం కాదు. నేను అనేది ఇంతే, ఆ ఒక్క జీవోతో సిద్దిపేట రైలు చౌకదనం సగం జనాభాకు చెల్లకుండా పోయింది. భార్యాభర్తలు కలిసి లష్కర్ పోవాలంటే ఆమెకు బస్సు ఉచితం, ఆయనకు రైలు చౌక. ఇద్దరూ బస్సే ఎక్కుతారు. రైలు టికెట్ నిర్ణయించింది ఢిల్లీ, బస్సు టికెట్ తీసేసింది హైదరాబాద్. ఒకరి నిర్ణయం ఇంకొకరి బండి మీద ఏం చేస్తుందో ఏ ఫైల్లోనైనా రాసుకున్నారా? పోటీ అంటే ఒకరినొకరు చూసుకుంటూ పరుగెత్తడం. ఇక్కడ ఇద్దరూ కళ్లు మూసుకుని పరుగెత్తుతున్నారు. దీన్ని పోటీ అని పిలవడం కూడా నాకు ఇష్టం లేదు.

రాత్రి బస్సుల సంగతి వేరు. సాయంత్రం ఏడు దాటాక కొంపల్లి, మేడ్చల్ చెక్‌పోస్టు వైపు వెళ్లి చూడండి. రోడ్డు పక్కన పెట్టె మీద కూర్చుని, ఫోన్‌లో బస్సు ఎక్కడుందో చూసుకుంటున్న పిల్లలు ఎంతమంది! నాగపూర్ దాకా, ఆ పైకి పోయే స్లీపర్ బస్సులు. ప్రైవేటు బస్సు రైలును ఓడించిందని అనేవాళ్లు ఈ దృశ్యం చూపిస్తారు. నాకలా కనబడదు. రైల్లో బెర్తు దొరికి ఉంటే వీళ్లలో చాలామంది రైలే ఎక్కేవాళ్లు. రైల్వే వెయిటింగ్ లిస్టే ప్రైవేటు బస్సుకు పెట్టుబడి. దసరాకు, సంక్రాంతికి బస్సు టికెట్ రెండింతలు, మూడింతలు అవుతుంది కదా, అది పోటీ లేకపోవడానికి గుర్తు. ధర పెరగని రైల్లో సీటు లేదు, సీటున్న బస్సులో ధరకు హద్దు లేదు.

మరి రైళ్లు ఎందుకు పెంచరు? మేడ్చల్ దాకా రెండు లైన్లున్నాయి, ఆ పైన చాలా దూరం ఒకటే. ఎదురు బండి వస్తుంటే ఈ బండి స్టేషన్‌లో ఆగాలి. మీటర్‌గేజి తీసేసి బ్రాడ్‌గేజి వేశారు, కరెంటు తీగలూ వచ్చాయి, రెండో లైను రాలేదు. ముద్‌ఖేడ్ నుంచి మేడ్చల్ దాకా, అటు మహబూబ్‌నగర్ నుంచి డోన్ దాకా రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఒప్పుకుంది. రెండు ముక్కలూ కలిపి 418 కిలోమీటర్లు, 5,655 కోట్లు. అది పూర్తయితేనే నిజామాబాద్, బాసర, నాందేడ్ వైపు బండ్లు పెంచగలరు. ఒంటి లైను రైలు బస్సుతో పోటీ పడలేదు, తోడూ నడవలేదు. పోటీయా, సమన్వయమా అన్న మన చర్చకు ముందు తీరాల్సిన మాట ఇది.

బయటి దేశాల సంగతి కొంచెం. జర్మనీ 1930ల నుంచి రైల్వేను కాపాడుకోవడానికి దూర ప్రాంతపు బస్సుల్ని దాదాపు కట్టేసింది. 2013 జనవరి 1న ఆ కట్టు విప్పింది. మొదట ఎన్నో కంపెనీలు, కారుచౌక టికెట్లు. నాలుగైదేళ్లు తిరక్కముందే ఒకదాన్ని ఒకటి మింగి, రోడ్డు మీద దాదాపు ఒకే కంపెనీ ఆకుపచ్చ రంగు బస్సులే మిగిలాయి. స్విట్జర్లండ్ దారి వేరు. 1982లో దేశమంతా రైళ్లను గడియారం ప్రకారం పెట్టారు, ప్రతి గంటా అదే నిమిషానికి అదే బండి. 1987లో ప్రజల ఓటు తీసుకుని, ఆ పద్ధతిని విస్తరించడానికి డబ్బు పెట్టారు. గంట కొట్టే ముందు రైళ్లన్నీ పెద్ద స్టేషన్‌లోకి వస్తాయి, గంట కొట్టాక బయల్దేరతాయి. కొండ ఊళ్ల పసుపు పోస్టు బస్సులు ఆ వేళకే స్టేషన్ బయట ఉంటాయి. వాళ్లు కొత్త పట్టాలు ఎక్కడ వేయాలో టైంటేబుల్ చూసి నిర్ణయించారు. మనం పట్టాలు వేశాక టైంటేబుల్ రాస్తాం, అదీ బస్సువాళ్లకు చూపించకుండా. స్విట్జర్లండ్ చిన్న దేశం కదా అంటారు. మన జిల్లా ఇంకా చిన్నది.

ఇప్పుడు మేడ్చల్ ఎంఎంటీఎస్. నగరంలో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది అని ఒప్పందం. ఎవరు ఎంత ఇచ్చారు, ఎప్పుడిచ్చారు అని ఉత్తరాలు రాసుకుంటూ ఏళ్లు గడిపారు. చివరికి 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్, మేడ్చల్ మధ్య బండి కదిలింది. కనీస టికెట్ ఐదు రూపాయలు. ఐదు రూపాయలకు ఈ రోజుల్లో చాయ్ కూడా రాదు. అయినా పెట్టెలు ఖాళీగా పోతున్నాయని రైల్వేవాళ్లు అంటారు, బండే కనబడదని జనం అంటారు. ఇద్దరిదీ నిజమే. ఒక బండి తప్పితే గంటకు పైగా చూడాల్సి వచ్చే లైనును ఆఫీసుకు పోయేవాడు నమ్ముకోడు. నమ్మేవాడు లేడని బండ్లు పెంచరు. పైగా స్టేషన్ ఒక దిక్కు, బస్టాండు ఇంకో దిక్కు. ఆ మధ్యలో ఆటోకు ఇచ్చేది రైలు టికెట్ కన్నా ఎక్కువ.

ఇంతలో మెట్రో మాట వచ్చింది. జేబీఎస్ నుంచి మేడ్చల్ దాకా 24.5 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేట దాకా 22 కిలోమీటర్లు రాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్‌లో కేంద్రానికి పంపిన ప్రతిపాదనల్లో ఉన్నాయి. ఫ్యూచర్ సిటీ మార్గంతో కలిపి 19,579 కోట్ల అంచనా. ఈ సభలో మేడ్చల్ వాళ్లే ఎక్కువ, ఈ మాట నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. రెండింట్లో ముందు ఒకటే కట్టగలిగితే శామీర్‌పేటకు కట్టాలి. మేడ్చల్‌కు పట్టాలున్నాయి. వాటి మీద పావుగంటకో బండి నడిపితే మెట్రో పనిలో సగం అవే చేస్తాయి, అందులో చిన్న భాగం ఖర్చుతో. శామీర్‌పేటకు ఏ పట్టాలూ లేవు. ఉన్న ఊరికి రెండోది వేసి, లేని ఊరిని ఎదురుచూడమనడం ఏ లెక్క?

జేబీఎస్‌ను చూడండి. రైలూ బస్సూ కలవడమంటే ఏమిటో కొంతైనా చూపించే చోటు మనకు అదొకటి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దాకా మెట్రో తెరిచారు. కరీంనగర్ బస్సు దిగిన మనిషి మెట్రో ఎక్కితే గాంధీ ఆస్పత్రి రెండో స్టేషన్. రోగిని చూడ్డానికి అన్నం డబ్బా పట్టుకుని వచ్చిన తల్లికి ఆటో బేరం తప్పింది. కానీ బస్సు టికెట్ వేరు, మెట్రో టికెట్ వేరు. వచ్చే బస్సు ఎన్నింటికో మెట్రో బోర్డు చెప్పదు, ఆఖరి మెట్రో ఎన్నింటికో బస్సు కండక్టరుకు తెలియనక్కర్లేదు. పక్కపక్కన కట్టారు, పలకరించుకోవడం నేర్పలేదు. 2025 జనవరిలో తెరిచిన చర్లపల్లి టెర్మినల్ ఇంకో పాఠం. మన జిల్లాలోనే ఉంది, భవనం చూడముచ్చటగా ఉంది. సికింద్రాబాద్ భారం తగ్గించడానికి దూరపు బండ్లను అక్కడికి మార్చారు. తెల్లవారుజామున అక్కడ దిగినవాడికి మొదటి ప్రశ్న, ఇంటికి ఎలా పోవాలి? టెర్మినల్‌కు టెండరు పిలిచిన రోజునే బస్సులకు దారి, నిలిపే చోటు, డ్యూటీ చార్టు కూడా రాయాలి. రెండోది ఎవరి పని అని అడిగితే వేళ్లు ఒకరి వైపు ఒకరు చూపిస్తారు. నగర రవాణా సంస్థలన్నిటినీ ఒక బల్ల దగ్గరికి చేర్చడానికి హుమ్టా అని ఒకటి హెచ్ఎండీఏలో ఉంది. బల్ల ఉంది, రైలు ఆపే అధికారమూ బస్సు కదిలించే అధికారమూ ఆ బల్లకు లేవు.

సమన్వయం అనగానే కొందరు ఉత్సాహవంతులు ఒక సలహా ఇస్తారు. కరీంనగర్ బస్సుల్ని శామీర్‌పేట దగ్గరే ఆపేసి, ఆదిలాబాద్ బస్సుల్ని మేడ్చల్ దగ్గరే ఆపేసి, అక్కణ్నుంచి జనాన్ని లోకల్ రైల్లోనో మెట్రోలోనో ఎక్కించండి, ట్రాఫిక్ తగ్గుతుంది అని. కాగితం మీద బాగుంటుంది. బియ్యం మూటతో, పసిబిడ్డతో, మోకాళ్ల నొప్పితో వచ్చే మనిషికి బండి మారడం ఒక జరిమానా. మెట్లు ఎక్కాలి, మళ్లీ టికెట్ కొనాలి, మళ్లీ నిలబడాలి. ఎదుటి బండి పది నిమిషాల్లో వస్తుందన్న భరోసా లేకుండా ప్రయాణాన్ని మధ్యలో తుంచడం అన్యాయం. ముందు ఆ బండిని నడిపి చూపించండి. జనానికి నమ్మకం కుదిరితే వాళ్లే శామీర్‌పేటలో దిగిపోతారు, ఎవరూ దించనక్కర్లేదు.

జీనోమ్ వ్యాలీ కంపెనీలు అలా ఎదురుచూడలేదు. తమ ఉద్యోగుల కోసం తామే బస్సులు పెట్టుకున్నాయి. పొద్దున రాజీవ్ రహదారి మీద చూస్తే అవి వరసగా పోతుంటాయి. ఆ బస్సులు ఎవరితోనూ పోటీ పడవు, ఎవరికీ తోడు రావు. షిఫ్టు వేళకు మనిషిని చేర్చాలి, చేరుస్తాయి. ప్రభుత్వ రవాణా చేయాల్సిన పనిని ఎంత ఖర్చుకు చేస్తున్నారో ఆ కంపెనీల పద్దుల్లో ఉంటుంది. ఒకసారి వాళ్లనే పిలిచి అడిగితే, మేడ్చల్ స్టేషన్ నుంచి తుర్కపల్లికి ఎన్నింటికి బస్సు కావాలో ఒక్క పూటలో తేలిపోతుంది.

నేను కోరేది పెద్ద పథకం కాదు. మేడ్చల్ స్టేషన్ నుంచి అంతాయిపల్లి కలెక్టరేట్, శామీర్‌పేట, తుర్కపల్లి దాకా అడ్డంగా తిరిగే బస్సు కావాలి. దాని వేళలు ఆర్టీసీ డిపోలో కాక ఎంఎంటీఎస్ టైంటేబుల్ పక్కన పెట్టుకుని రాయాలి. రైలు టికెట్ చూపిస్తే ఆ బస్సులో చెల్లాలి, పాసు కూడా అంతే. రాష్ట్రంలోని డ్రైవర్లకు పాఠాలు చెప్పే ఆర్టీసీ శిక్షణ కేంద్రం ఇదే దారిలో హకీంపేటలో ఉంది. ఇంజను గురించి, బ్రేకు గురించి అంత బాగా నేర్పే చోట, రైలు లేటైతే డ్యూటీ చార్టు ఎలా మార్చుకోవాలో కూడా ఒక పూట నేర్పవచ్చు. ఆ బస్సును పది నిమిషాలు ఆపమని చెప్పే అధికారం స్టేషన్ మాస్టరుకు ఉండాలి. అలా ఆపినందుకు డ్రైవరుకు మెమో రాకూడదు. ఇవి కోట్ల పనులు కావు. కానీ కోట్ల పనికి సంతకం పెట్టేవాడు దొరుకుతాడు, పది నిమిషాలకు సంతకం పెట్టేవాడు దొరకడు.

దూర ప్రాంతాల సంగతికి వస్తే నా అభిప్రాయం ఇది. నాగపూర్, ముంబై, తిరుపతి దారుల్లో బస్సూ రైలూ పోటీ పడనివ్వండి. ఆ పోటీ నిజమైనది కావాలంటే రైల్వే సీట్లు పెంచాలి, ప్రైవేటు బస్సు పండగ ధరకు ప్రభుత్వం హద్దు పెట్టాలి. రెండు వందల కిలోమీటర్ల లోపు పోటీ వద్దు. నిజామాబాద్, సిద్దిపేట, కరీంనగర్ దారుల్లో రెండూ ప్రభుత్వ బండ్లే, రెండింటి నష్టమూ చివరికి మనదే. రైలు తిన్నగా పోయే చోట రైలు వెన్నెముక కావాలి, బస్సు స్టేషన్ల నుంచి ఊళ్లకు పోవాలి. రోడ్డు తిన్నగా పోయి రైలు చుట్టూ తిరిగే చోట, సిద్దిపేట లాంటి చోట, బస్సే ప్రధానం. అక్కడ రైలు చేయాల్సిన పని వేరు. గజ్వేల్, నాచారం వాళ్లను మేడ్చల్‌కు, మేడ్చల్ నుంచి నిజామాబాద్ వైపుకు చేర్చడం. లష్కర్‌కు ఎవరు ముందు చేరతారన్న పందెంలో ఆ బండిని దించితే ఎప్పుడూ ఓడిపోతుంది, ఓడిందని ఒకరోజు ఆపేస్తారు.

సిద్దిపేట దాటి సిరిసిల్ల, వేములవాడ వైపు పని సాగుతోంది. కొత్తపల్లి కలిసిన రోజున కరీంనగర్ నుంచి లష్కర్‌కు మూడు దారులుంటాయి. పెద్దపల్లి, కాజీపేట చుట్టు తిరిగే పాత రైలు, మేడ్చల్ మీదుగా కొత్త రైలు, శామీర్‌పేట మీదుగా బస్సు. వేములవాడ రాజన్న దర్శనానికి పోయే భక్తుల్లో రైలు ఎక్కేదెవరు, బస్సు ఎక్కేదెవరు, మేడ్చల్‌లో దిగి మారేదెవరు అన్నది ఇప్పుడే కూర్చుని లెక్కవేయాలి. ఆ లైను స్టేషన్ల బయట బస్సు మలుపుకు స్థలం ఇంకా ఖాళీగానే ఉంది. ప్లాట్లు అమ్ముడుపోక ముందు, దుకాణాలు లేవక ముందు ఆ స్థలాన్ని ఆర్టీసీ పేరున రాయించమని, జిల్లా పరిపాలన తరఫున ఎవరైనా ఈ సభలో ఉంటే వారికి చెప్తున్నాను. సిద్దిపేట స్టేషన్‌తో మొదలుపెట్టండి.